డీఎస్‌సీ పెట్టినా సంతకం పడటం లేదా? ‘అల్గారిథమ్ లేదు’ అంటే అర్థమేంటి, ఏం చేయాలి?

టోకెన్ తగిలించారు. పిన్ కొట్టారు. పిన్ సరైనదే, సర్టిఫికెట్‌కు ఇంకా ఏడాదిన్నర గడువుంది. పోయిన నెల ఇదే ల్యాప్‌టాప్‌లో పనిచేసింది కూడా. అయినా ‘సైన్’ బటన్ నొక్కగానే తెరపై ఒక ఇంగ్లీషు ముక్క కనిపిస్తోంది. ‘నో సచ్ అల్గారిథమ్’ అనో, ‘అన్‌సపోర్టెడ్’ అనో, ‘ఇన్‌వ్యాలిడ్ అల్గారిథమ్ స్పెసిఫైడ్’ అనో.

ఇది నెల మొదట్లో వస్తే ఎవరూ పట్టించుకోరు. గడువు రోజు సాయంత్రం వస్తేనే చిక్కు. నెలనెలా జీఎస్‌టీఆర్-3బీ వేసేవారు 20వ తేదీ దాటితే రోజుకు రూ.50 చొప్పున ఆలస్య రుసుము, కట్టాల్సిన పన్నుపై ఏడాదికి 18 శాతం వడ్డీ పడతాయి. కంపెనీల వార్షిక పత్రాలు కార్పొరేట్ వ్యవహారాల శాఖకు ఆలస్యంగా అందితే ఒక్కో ఫారానికి రోజుకు రూ.100. ఈ-టెండరు సంగతి ఇంకా కఠినం. అక్కడ ఆలస్య రుసుము లాంటిదేమీ ఉండదు. పోర్టల్ సర్వర్ గడియారం ప్రకారం సమయం ముగిస్తే బిడ్ తీసుకోదు, అంతే.

ఈ కంగారులో చాలామంది రెండు పనులు చేస్తారు. పిన్ మళ్లీ మళ్లీ కొడతారు. అదీ కుదరకపోతే టోకెన్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ తెరిచి ‘ఇనిషియలైజ్’ నొక్కుతారు. మొదటి పనివల్ల పొరపాటున తప్పు పిన్ పడుతూ పోతే టోకెన్ లాక్ అవుతుంది. రెండో పని ఇంకా ప్రమాదం. టోకెన్‌లోని సర్టిఫికెట్, దాని రహస్య కీ రెండూ చెరిగిపోతాయి. ఆ కీకి మరో కాపీ ఎక్కడా ఉండదు. కొత్త డీఎస్‌సీ కొనుక్కోవాల్సిందే.

ఆ ఎర్రర్‌కు ఈ రెండింటితోనూ సంబంధం లేదు. ఎందుకో చూద్దాం.

అసలు ఏది ‘లేదు’ అంటోంది?

డిజిటల్ సంతకమైనా, బ్రౌజర్‌లో కనిపించే తాళం గుర్తయినా రెండు వైపులా ఒకే లెక్క తెలిసి ఉంటేనే పనిచేస్తాయి. సమాచారాన్ని ఏ పద్ధతిలో గుప్తంగా మార్చాలి, ఏ పద్ధతిలో దాని వేలిముద్ర తీయాలి అనేవే ఆ లెక్కలు. వాటినే అల్గారిథమ్‌లు అంటారు. డీఈఎస్, ఏఈఎస్, ఆర్‌సీ4, ఎండీ5, ఎస్‌హెచ్‌ఏ-1, ఎస్‌హెచ్‌ఏ-256 లాంటి పేర్లు వీటివే.

మీ బ్రౌజర్ ఒక సైటును తెరిచేటప్పుడు ముందుగా ‘నాకు ఈ ఈ పద్ధతులు వచ్చు’ అని ఒక జాబితా పంపుతుంది. సర్వర్ అందులోంచి తనకూ తెలిసిన ఒకదాన్ని ఎంచుకుంటుంది. ఉమ్మడిగా ఒక్కటీ దొరకకపోతే మాట అక్కడే ఆగిపోతుంది. క్రోమ్‌లో దీన్ని ‘వెర్షన్ ఆర్ సైఫర్ మిస్‌మ్యాచ్’ అంటారు, ఫైర్‌ఫాక్స్‌లో ‘నో సైఫర్ ఓవర్‌ల్యాప్’ అంటారు. సంతకం చేసే సాఫ్ట్‌వేర్ లోపల జరిగేదీ దాదాపు ఇదే. పోర్టల్ ఫలానా పద్ధతిలో సంతకం కావాలని అడుగుతుంది. మీ కంప్యూటర్‌లోని జావానో విండోసో టోకెన్ డ్రైవరో ‘అది నా దగ్గర లేదు’ అంటుంది.

2016 నవంబరును గుర్తు చేసుకోండి. జేబులో పాత రూ.500 నోటు ఉంది, అది దొంగనోటు కాదు, అయినా దుకాణంలో చెల్లలేదు. అదే సమయంలో కొత్త రూ.2000 నోటు వచ్చింది. అది చెల్లుతుంది, కానీ సైజు మారడంతో ఏటీఎం యంత్రాల్లో మార్పులు చేసేదాకా వాటిలోంచి రాలేదు. అల్గారిథమ్‌ల గొడవ కూడా సరిగ్గా ఈ రెండు రకాలే. మీ దగ్గర ఉన్నది పాతబడి అవతలివాళ్లు రద్దు చేసి ఉండవచ్చు. లేదా అవతలివాళ్లు అడిగేది కొత్తది, మీ యంత్రానికి ఇంకా తెలియకపోవచ్చు. ఈ రెండింటిలో మీది ఏదో తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఉన్నవి ఎందుకు తీసేశారు?

ఎవరో సరదాకి తీసేసినవి కావు. 1977లో అమెరికా ప్రమాణంగా వచ్చిన డీఈఎస్‌లో కీ పొడవు 56 బిట్లే. 1998లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ప్రత్యేకంగా ఒక యంత్రం కట్టి మూడు రోజుల్లోపే దాన్ని ఛేదించి చూపింది. దాని స్థానంలో 2001లో ఏఈఎస్ వచ్చింది. ఎండీ5లో ఒకే వేలిముద్ర ఉన్న రెండు వేర్వేరు ఫైళ్లు తయారు చేయవచ్చని 2004లో తేలింది. ఎస్‌హెచ్‌ఏ-1కు అదే గతి పట్టిందని 2017 ఫిబ్రవరిలో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు రెండు పీడీఎఫ్‌లతో నిరూపించారు. సంతకం విషయంలో దీని అర్థం చిన్నది కాదు. మీరు ఒక కాగితంపై చేసిన సంతకం మరో కాగితానికి కూడా సరిపోయే వీలుందన్నమాట.

మన దేశంలో డిజిటల్ సంతకాలను పర్యవేక్షించే సీసీఏ, అంటే కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్, ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించింది. 2012 జనవరి 1 నుంచే ఎస్‌హెచ్‌ఏ-2కు, 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీలకు మారమంది. కాబట్టి ఇప్పుడు మీ చేతిలోని డీఎస్‌సీ పాతకాలపు అల్గారిథమ్‌తో ఉండే అవకాశం లేదు. లోపం ఉంటే గింటే దాని చుట్టూ ఉన్న సామగ్రిలోనే ఉంటుంది. టోకెన్ డ్రైవర్, జావా, విండోస్, బ్రౌజర్, కొన్నిసార్లు పోర్టల్.

ముందు ఏది పాతదో తేల్చండి

కంప్యూటర్ ముట్టుకునే ముందు ఆ ఎర్రర్‌ను ఫోన్‌తో ఫొటో తీయండి. తర్వాత ఎవరిని సాయం అడిగినా ‘ఏదో అల్గారిథమ్ అంటోంది’ అనే మాటకంటే ఆ ఫొటో పదింతలు పనికొస్తుంది.

తర్వాత అదే టోకెన్‌ను మరో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. మీ ఆడిటర్ ఆఫీసులో రోజూ ఇలాంటి సంతకాలు చేసే కంప్యూటర్ ఉంటుంది, అదైతే మరీ మంచిది. అక్కడ సంతకం పడితే మీ డీఎస్‌సీకి ఏ జబ్బూ లేదు, పోర్టల్ కూడా బాగానే ఉంది. గడువు రోజైతే ముందు అక్కడే పని ముగించేసి, మీ కంప్యూటర్ సంగతి మర్నాడు చూసుకోవడం తెలివైన పని. అక్కడ కూడా పడకపోతే మరొకరి టోకెన్‌తో అదే పోర్టల్‌లో లాగిన్ అవుతుందేమో అడగండి. అందరికీ అదే ఎర్రర్ వస్తుంటే అది పోర్టల్ సమస్య. మీరు ఎంత గింజుకున్నా తీరదు.

మీ కంప్యూటర్‌దే లోపం అని తేలిందనుకుందాం. అప్పుడు ఎక్కడ వెతకాలి?

జావా దగ్గర చిక్కు

ప్రభుత్వ పోర్టళ్లలో సంతకానికి వాడే చిన్న సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి జావా ఆధారం. ఒకప్పుడు ఇవి బ్రౌజర్ లోపలే యాప్లెట్లుగా నడిచేవి. 2015 సెప్టెంబరులో క్రోమ్, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ ఆ దారి మూసేయడంతో విడిగా కంప్యూటర్‌లో నడిచే ఎమ్‌సైనర్ లాంటివి వచ్చాయి. బ్రౌజర్ వాటితో మాట్లాడుతుంది, అవి టోకెన్‌తో మాట్లాడతాయి. ఇంతమంది మధ్యవర్తులుంటే ఎవరో ఒకరు పాతబడటం సహజం.

‘ఇల్లీగల్ కీ సైజ్’ అని వస్తే జావా చాలా పాతదని అర్థం. కొన్ని దేశాల దిగుమతి నియంత్రణ నిబంధనల దృష్ట్యా చాలాకాలం జావా ఏఈఎస్‌ను 128 బిట్ల వరకే అనుమతించేది. 256 బిట్లు కావాలంటే విడిగా ఒక పాలసీ ఫైలు తెచ్చి పెట్టుకోవాలి. 2018 జనవరిలో వచ్చిన జావా 8 అప్‌డేట్ 161 నుంచి ఆ పరిమితి తీసేశారు. అంటే పాత పాలసీ ఫైళ్ల కోసం వెతకనక్కర్లేదు. జావాను అప్‌డేట్ చేస్తే చాలు.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. నిన్నటిదాకా బాగా నడిచిన సాఫ్ట్‌వేర్ జావా అప్‌డేట్ అయ్యాక ఆగిపోతుంది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన అప్‌డేట్లు టీఎల్‌ఎస్ 1.0, 1.1 అనే పాత కనెక్షన్ పద్ధతులను ఆపేశాయి. వాటి మీదే ఆధారపడిన సర్వర్లతో మాట ‘హ్యాండ్‌షేక్ ఫెయిల్యూర్’ దగ్గరే తెగిపోయింది. ఇక్కడ మీ జావా సరిగానే ఉంది, పాతబడింది అవతలి సర్వర్.

మూడో రకం అన్నిటికంటే తప్పుదోవ పట్టిస్తుంది. ‘పీకేసీఎస్11 నాట్ ఫౌండ్’, దాని కింద ‘నో సచ్ అల్గారిథమ్’ అని వస్తుంది. చూడగానే ఎన్‌క్రిప్షన్ గొడవ అనిపిస్తుంది. నిజానికి ఇక్కడ అల్గారిథమ్ ఏదీ మాయం కాలేదు. పీకేసీఎస్11 అనేది టోకెన్‌తో మాట్లాడే పద్ధతి పేరు మాత్రమే. టోకెన్ డ్రైవర్ ఇన్‌స్టాల్ కాలేదనో, దాని ఫైలు ఎక్కడుందో సాఫ్ట్‌వేర్‌కు తెలియలేదనో, 32 బిట్ డ్రైవర్‌ను 64 బిట్ జావా చదవలేకపోతోందనో అర్థం. ఆ టోకెన్ తయారీ కంపెనీ సైటు నుంచి మీ విండోస్‌కు సరిపడే డ్రైవర్ తెచ్చుకుని వేస్తే చాలాసార్లు తీరిపోతుంది. మ్యాక్ వాడేవారికి ‘విండోస్-మై నాట్ ఫౌండ్’ అని వస్తే ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోని సర్టిఫికెట్ల గూడు కోసం వెతుకుతోందని అర్థం. మ్యాక్‌లో అది ఎప్పటికీ దొరకదు. మ్యాక్ కోసం విడిగా ఇచ్చిన వెర్షన్ ఉంటే అది వేసుకోవాలి, లేదంటే ఆ ఒక్క పనికి విండోస్ కంప్యూటర్ వెతుక్కోవాలి.

ఇంకో చిన్న విషయం. ఒకే కంప్యూటర్‌లో మూడు నాలుగు జావాలు ఉండటం మామూలే. మీరు కంట్రోల్ ప్యానెల్‌లో అప్‌డేట్ చేసింది ఒకటి, సంతకం సాఫ్ట్‌వేర్ తన ఫోల్డర్‌లో దాచుకుని వాడుతున్నది మరొకటి కావచ్చు. ‘అప్‌డేట్ చేశాను, అయినా అదే ఎర్రర్’ అనేవారి కథ చాలావరకు ఇదే. అప్పుడు జావాను కాదు, ఆ సంతకం సాఫ్ట్‌వేర్‌నే పోర్టల్ నుంచి మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాలి. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంచిన పాత కాపీని కాదు.

పాస్‌వర్డ్ తప్పు అంటుంది, తప్పు కాదు

టోకెన్ కాకుండా ఫైలు రూపంలో వచ్చే సర్టిఫికెట్లు కూడా ఉంటాయి. ఆఫీసు వీపీఎన్‌కో, బ్యాంకు చెల్లింపుల సాఫ్ట్‌వేర్‌కో ఇచ్చే పీఎఫ్‌ఎక్స్ లేదా పీ12 ఫైళ్లు ఇవే. వీటిలో ఒక మోసకారి ఎర్రర్ ఉంది, దీనివల్ల గంటలు గంటలు పోతాయి.

కొత్త సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును ఏఈఎస్-256, ఎస్‌హెచ్‌ఏ-256తో భద్రపరుస్తుంది. దాన్ని విండోస్ సర్వర్ 2016 లాంటి పాత వ్యవస్థలో ఇంపోర్ట్ చేయబోతే ఆ పద్ధతి దానికి తెలియదు. ఆ మాట సూటిగా చెప్పకుండా ‘మీరిచ్చిన పాస్‌వర్డ్ తప్పు’ అంటుంది. మ్యాక్‌లో పాత కీచైన్ కూడా ‘రాంగ్ పాస్‌వర్డ్?’ అని ప్రశ్నార్థకంతో సహా అడుగుతుంది. పాస్‌వర్డ్ సరైనదేనని మీకు గట్టి నమ్మకం ఉంటే అదే ఫైలును కొత్త విండోస్ ఉన్న కంప్యూటర్‌లో ఇంపోర్ట్ చేసి చూడండి. అక్కడ తీసుకుంటే పాస్‌వర్డ్ గొడవ కాదని తేలిపోయినట్టే. విండోస్ 10, 11లలో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎన్‌క్రిప్షన్ అనే చోట రెండు ఎంపికలు కనిపిస్తాయి. ‘ట్రిపుల్‌డీఈఎస్-ఎస్‌హెచ్‌ఏ1’ ఎంచుకుంటే పాత యంత్రానికి అర్థమయ్యే ఫైలు వస్తుంది. పని కాగానే ఆ బలహీనమైన కాపీని చెరిపేయండి. పాత యంత్రాన్ని మార్చడమే అసలు వైద్యం, కానీ ప్రతి ఆఫీసులో అది ఈ వారంలో జరిగే పని కాదని తెలుసు.

దీనికి తిరుగు వరస కూడా జరుగుతుంది. చాలా ఏళ్ల కిందట చేసిన పీ12 ఫైలును కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ‘అన్‌సపోర్టెడ్’ అంటుంది. 2021 సెప్టెంబరులో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 ఆర్‌సీ2, ఆర్‌సీ4, డీఈఎస్, ఎండీ4 వంటివాటిని పక్కన పెట్టింది. పూర్తిగా తీసేయలేదు. ‘లెగసీ’ అనే విడి అరలో ఉంచింది, అడిగితేనే ఇస్తుంది. పాత పీ12 ఫైళ్లలో సర్టిఫికెట్ భాగం తరచూ 40 బిట్ల ఆర్‌సీ2తో ఉంటుంది, అందుకే ఈ ఎర్రర్. ఐటీ తెలిసినవారైతే లెగసీ ఆప్షన్‌తో దాన్ని ఒక్కసారి తెరిచి, కొత్త పద్ధతిలో మళ్లీ భద్రపరిచి, ఆ కొత్త ఫైలునే వాడతారు. రెండు నిమిషాల పని. కానీ లెగసీ అరను సర్వర్ మొత్తానికి శాశ్వతంగా తెరిచి ఉంచడం వేరు. ఒక్క ఫైలు కోసం అలా చేయకూడదు.

ఈ మార్పిడి మీ సొంత కంప్యూటర్‌లోనే జరగాలి. ‘పీఎఫ్‌ఎక్స్ కన్వర్టర్ ఆన్‌లైన్’ అని వెతికి కనిపించిన సైటులో ఫైలు, పాస్‌వర్డ్ రెండూ ఇచ్చారంటే మీ సంతకాన్ని ముక్కూమొహం తెలియనివారి చేతిలో పెట్టినట్టే.

విండోస్‌లో ‘ఇన్‌వ్యాలిడ్ అల్గారిథమ్ స్పెసిఫైడ్’ అని వస్తే మరో కారణం చూడాలి. సర్టిఫికెట్‌ను ఇంపోర్ట్ చేసినప్పుడు అది పాత ‘బేస్ క్రిప్టోగ్రాఫిక్ ప్రొవైడర్’ కిందకు చేరి ఉండవచ్చు. ఆ పాత ప్రొవైడర్‌కు ఎస్‌హెచ్‌ఏ-256 సంతకం రాదు. ‘ఎన్‌హాన్స్‌డ్ ఆర్‌ఎస్‌ఏ అండ్ ఏఈఎస్ ప్రొవైడర్’ పేరు చెప్పి మళ్లీ ఇంపోర్ట్ చేస్తే అదే సర్టిఫికెట్ పనిచేస్తుంది. ఇది మీ సిస్టమ్ అడ్మిన్‌కు చెప్పాల్సిన మాట, మీరే చేయనక్కర్లేదు.

ఫోన్‌లో సైటు తెరుచుకోకపోతే

డీఎస్‌సీ లేనివారికి ఇదే సమస్య ఫోన్‌లో ఎదురవుతుంది. నాన్న దగ్గరున్న పాత ఫోన్‌లో ఒక సేవ తెరుచుకోదు, మీ ఫోన్‌లో తెరుచుకుంటుంది. టీఎల్‌ఎస్ 1.0, 1.1లను 2021 మార్చిలో అధికారికంగా పక్కన పెట్టారు. ఇప్పుడు కనీసం 1.2 కావాలి. ఆండ్రాయిడ్‌లో అది మొదటి నుంచీ ఆన్‌లో ఉండేది 5.0 నుంచి. టీఎల్‌ఎస్ 1.3 అయితే ఆండ్రాయిడ్ 10 నుంచి.

బ్రౌజర్‌లో తెరుచుకుని యాప్‌లో తెరుచుకోకపోవడం కూడా మామూలే. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ తమ ఎన్‌క్రిప్షన్ సరంజామాను తామే మోసుకెళతాయి, ప్లే స్టోర్‌లో అప్‌డేట్ చేస్తే అదీ కొత్తదవుతుంది. చాలా యాప్‌లు మాత్రం ఫోన్ వ్యవస్థలో ఉన్నదాన్నే వాడుకుంటాయి. అందుకే పాత ఫోన్‌లో యాప్ మొరాయిస్తే అదే సేవను బ్రౌజర్‌లో ప్రయత్నించండి. బ్రౌజర్, ‘ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ’ రెండింటినీ ముందు అప్‌డేట్ చేయండి.

ఒక పాత పోర్టల్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే పనిచేస్తుందని అంటే, 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ దాన్ని సాగనంపింది. ఎడ్జ్‌లో ‘ఐఈ మోడ్’ ఉంది, ఆ సైటు ఒక్కదానికే దాన్ని ఆన్ చేసుకోవచ్చు.

ఇది అది కాదు

అల్గారిథమ్ గొడవలా కనిపించి కానివి కొన్ని ఉన్నాయి. ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అని తేదీ ప్రస్తావనతో వస్తే ముందు ఫోన్‌లో తేదీ, సమయం సరిచూడండి. మీసేవ సర్టిఫికెట్‌నో ఈ-ఆధార్‌నో కంప్యూటర్‌లో తెరిస్తే సంతకం దగ్గర ‘వ్యాలిడిటీ అన్‌నోన్’ అని పసుపు ప్రశ్నార్థకం కనిపిస్తే సంతకం చెడిందని కాదు. ఆ పీడీఎఫ్ రీడర్‌కు మన సీసీఏ ఎవరో ఇంకా తెలియదని అర్థం. సంతకం మీద రైట్ క్లిక్ చేసి, వివరాల్లో ‘సీసీఏ ఇండియా’ పేరు ఉందని చూసుకుని దాన్ని నమ్మదగినదిగా చేర్చితే టిక్ మార్కు వస్తుంది. ఫోన్‌లోని చాలా పీడీఎఫ్ యాప్‌లు సంతకాన్ని అసలు పరీక్షించవు, అక్కడ చూసి నిర్ణయానికి రావద్దు.

కాంట్రాక్టర్లు ప్రత్యేకంగా గమనించాల్సింది ‘ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్ నాట్ ఫౌండ్’. కొన్ని టెండరు పోర్టళ్లు సంతకానికి ఒకటి, బిడ్‌ను గుప్తంగా ఉంచడానికి మరొకటి, మొత్తం రెండు సర్టిఫికెట్లు అడుగుతాయి. డీఎస్‌సీ కొనేటప్పుడు ఖర్చు తగ్గుతుందని సంతకం ఒక్కటే తీసుకున్నవారికి ఈ ఎర్రర్ వస్తుంది. ఇక్కడ ఏ అప్‌డేటూ పనిచేయదు. ఆ రెండో సర్టిఫికెట్ తీసుకోవాల్సిందే. ఇంకో మాట. మీ పాత ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్‌తో గుప్తం చేసిన పత్రాలు తెరవాలంటే ఆ పాత కీయే కావాలి. గడువు తీరింది కదా అని ఆ టోకెన్‌ను పారేయవద్దు, చెరిపేయవద్దు. దానితో ముడిపడిన పనులన్నీ ముగిసేదాకా బీరువాలో ఉంచండి.

‘ఆ లైను తీసేస్తే సరి’ అనే సలహా

ఇంటర్నెట్‌లో ఈ ఎర్రర్ గురించి వెతికితే అన్నిటికంటే ముందు దొరికేది ఇదే. జావా సెక్యూరిటీ ఫైలు తెరవండి, ‘డిజేబుల్డ్ అల్గారిథమ్స్’ అనే లైనులో ఫలానా పేరు తీసేయండి, సేవ్ చేయండి. నిజమే, పనిచేస్తుంది కూడా. కానీ ఆ లైను ఒక్క పోర్టల్‌కు సంబంధించింది కాదు. ఆ జావాతో నడిచే ప్రతి కార్యక్రమానికీ, అది కలిసే ప్రతి సర్వర్‌కూ ఆ రద్దైన నోటు మళ్లీ చెల్లేలా చేస్తారు. పని అయ్యాక తిరిగి పెట్టడం ఎవరికి గుర్తుంటుంది? ఇంకో మార్గం లేనప్పుడు ఐటీ వారు ఆ సడలింపును ఒక్క కార్యక్రమానికే వర్తించేలా విడి సెట్టింగ్ ఫైలుతో చేయగలరు. జావాలో ఆ వీలుంది. అడగాల్సింది అదే.

ఇంతకంటే భయపడాల్సింది రిమోట్ సాయం. గడువు రాత్రి ఎవరో ఫోన్‌లో ‘స్క్రీన్ ఇవ్వండి, నేను చూస్తా’ అంటారు. టోకెన్ తగిలించి ఉంచి, పిన్ చెప్పేసి, టీ తాగడానికి వెళితే ఆ పది నిమిషాలూ మీ సంతకం వారిదే. మీ పేరున ఏ ఫారం మీద సంతకం పడిందో మీకు తెలియదు. సమాచార సాంకేతిక చట్టం 2000లోని సెక్షన్ 42 ప్రకారం రహస్య కీ మీ అదుపులో ఉండేలా జాగ్రత్త పడాల్సిన బాధ్యత మీదే. వేరొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడితే సెక్షన్ 66సీ కింద మూడేళ్ల వరకు జైలు, రూ.లక్ష వరకు జరిమానా ఉన్నాయి. కానీ అది మీరు కాదని తేల్చుకోవడం మళ్లీ మీ తలనొప్పే. రిమోట్ సాయం తప్పనిసరైతే డ్రైవర్, జావా పనులు టోకెన్ తీసేసి చేయించుకోండి. చివర్లో పరీక్షించడానికి మాత్రమే పెట్టి, పిన్ మీరే కొట్టండి.

లోపం పోర్టల్‌దే అయితే

అప్పుడు మీ చేతిలో ఉన్నది ఆధారం ఒక్కటే. గడువు ముగియకముందే పోర్టల్ హెల్ప్‌డెస్క్‌లో ఫిర్యాదు నమోదు చేసి టికెట్ నంబరు తీసుకోండి. గడువు దాటాక ‘ఎర్రర్ వచ్చింది’ అని చెప్పడానికీ, గడువుకు రెండు గంటల ముందు టికెట్ ఉండటానికీ చాలా తేడా ఉంది. టెండరైతే నోటీసులో ఇచ్చిన అధికారి ఈమెయిల్‌కు అదే సమాచారం పంపండి. ఇది గడువు పెంచుతుందన్న హామీ కాదు, కానీ అడగడానికి ఒక కాగితం ఉంటుంది.

ఫిర్యాదులో ఇవి ఉంటే అవతలివారు మళ్లీ మళ్లీ ప్రశ్నలు వేయకుండా నేరుగా పనిలోకి దిగుతారు: ఎర్రర్ పూర్తి పాఠం కనిపించే స్క్రీన్‌షాట్, అది వచ్చిన తేదీ, సమయం, విండోస్, బ్రౌజర్, సంతకం సాఫ్ట్‌వేర్‌ల వెర్షన్ నంబర్లు, టోకెన్ కంపెనీ పేరు, వేరే కంప్యూటర్‌లో ప్రయత్నిస్తే ఏమైందో ఒక వాక్యం. పిన్ మాత్రం రాయకండి. హెల్ప్‌డెస్క్ అని చెప్పి ఎవరైనా ఫోన్‌లో అడిగినా చెప్పకండి.

డీఎస్‌సీ గడువు గరిష్ఠంగా మూడేళ్లు. కొత్తది తీసుకున్న రోజే దాన్ని జీఎస్టీ, ఆదాయపు పన్ను, టెండరు పోర్టళ్లలో మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి, అది దానంతటదే జరగదు. టోకెన్ కంపెనీ మారితే డ్రైవర్ కూడా మారుతుంది. ఆ పని 20వ తేదీకి కాదు, 5వ తేదీకి పెట్టుకోండి.